మీ పనివాళ్లు ఖాళీగా ఉన్నారు

ఫిబ్రవరిలో ఒకరోజు కాంక్రీట్ టెక్నాలజీ క్లాసులో ఉండగా జేబులో ఫోన్ వైబ్రేట్ అయింది. బెంచీ కింద పెట్టి చూస్తే నోటిఫికేషన్: "మీ పనివాళ్లు ఖాళీగా ఉన్నారు." ఒక్క సెకను మా ఇంటి సంగతే అనుకున్నా. దాచేపల్లిలో మా ఇల్లు లింటెల్ దాకా లేచి, అప్పటికి ఏడాది పైనే ఆగిపోయి ఉంది. మేస్త్రి బాబాయ్ సెంటర్లో కనపడ్డప్పుడల్లా "ఎప్పుడు మొదలెడదాం అన్నా" అని నాన్నని అడుగుతూనే ఉండేవాడు. మా పనివాళ్లూ ఖాళీగానే ఉన్నారు. డబ్బుల్లేవు, అంతే.

నోటిఫికేషన్ పంపింది మాత్రం ఒక గేము. పేరు రాయను. ప్లే స్టోర్‌లో అలాంటివి కొల్లలు. ఐకాన్ మీద గడ్డం ఉన్న ఆయనెవరో నోరు తెరిచి అరుస్తుంటాడు, వెనక ఒక కోట ఉంటుంది. యాడ్‌లో ఒక గేము చూపిస్తారు, లోపల ఇంకో గేము ఉంటుంది. ఊరు కట్టాలి, పొలాలూ గనులూ పెట్టాలి, గోడ లేపాలి, సైన్యం పెంచాలి, పక్కవాడి ఊరి మీద పడాలి. అంతా ఫ్రీ. నిరుడు డిసెంబర్‌లో, ఇంటర్నల్స్ అయిపోయిన రాత్రి, ఊరికే చూద్దామని వేశా.

నేను ఈ విషయంలో కొత్తవాణ్ని కాదు, అది ముందే చెప్పాలి. దాచేపల్లిలో గంటకి పదిహేను రూపాయల నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడుతూ పెరిగినవాణ్ని. ఇంటి నుంచి పాలకని ఇచ్చిన డబ్బుల్లోంచి పది నిమిషాల గేమ్ మిగుల్చుకున్న రోజులున్నాయి. ఐజీఐలో మొదటి మిషన్ కళ్లు మూసుకుని ఆడేవాణ్ని. ఆ తర్వాత మా పెదనాన్న వాళ్లబ్బాయి కంప్యూటర్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ దొరికింది. 1999లో వచ్చిన గేము, నేను పుట్టకముందుది. అందులో "హౌ డు యు టర్న్ దిస్ ఆన్" అని చీట్ కోడ్ కొడితే మధ్యయుగాల కోట మధ్యలోకి ఒక కారు వచ్చి తుపాకీ పేల్చుద్ది. అది చూసి ఎంత నవ్వామో. జియో వచ్చాక మినీ మిలీషియా, తర్వాత పబ్‌జీ. 2020 సెప్టెంబర్‌లో దాన్ని బ్యాన్ చేసినప్పుడు నిజంగా అన్నం సరిగా తినలేదు, అమ్మ జ్వరమేమో అనుకుంది. అంటే నేను చెప్పొచ్చేది, గేము చెడ్డది అని చెప్పే పెద్దమనిషిని కాను. గేములు నాకు చాలా ఇచ్చాయి. ఇంగ్లీషు కొంచెం వచ్చిందంటే వాటి పుణ్యమే.

అందుకే "స్ట్రాటజీ" అని రాసి ఉంటే ఈ గేము వేశా. మన సబ్జెక్టు కదా అనుకున్నా.

మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంది. పది సెకన్లలో పొలం, పదహారు సెకన్లలో గని. నొక్కితే లేస్తుంది, నొక్కితే పెరుగుతుంది. ఐదు నిమిషాల లోపు పని ఏదైనా ఉంటే "ఫ్రీ" అని ఆకుపచ్చ బటన్ వస్తుంది, నొక్కితే అయిపోతుంది. ఊరికి "నాగులేరు" అని పేరు పెట్టా. మా ఊరి పక్కన పారే ఏరు అది, కారంపూడి వైపు నుంచి వచ్చి కృష్ణలో కలుస్తుంది. వాన పడితే ఊరి మీదకి వస్తుంది, లేకపోతే రాళ్లు తేలి ఉంటుంది. ఫోన్లో మాత్రం నా నాగులేరు పచ్చగా, చుట్టూ గోడతో, నాలుగు బురుజులతో మెరిసిపోయేది.

నాలుగో రోజుకి ఆకుపచ్చ బటన్ రావడం మానేసింది. బిల్డింగులన్నీ ఎనిమిదో లెవెల్ దాటాయి. ఇంజినీరింగ్ పిచ్చి ఎక్కడికి పోద్ది? లెవెల్స్, టైములు ఎక్సెల్‌లో వేసుకున్నా. లెవెల్ పెరిగినప్పుడల్లా టైము దాదాపు 1.6 రెట్లు అవుతోంది. సెమీ లాగ్‌లో ప్లాట్ చేస్తే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మొదటి లెవెల్‌కి 10 సెకన్లు. ఎనిమిదో లెవెల్‌కి నాలుగున్నర నిమిషాలు. ఫ్రీ బటన్ హద్దు ఐదు నిమిషాలు, అంటే సరిగ్గా అక్కడిదాకా. ఇరవయ్యో లెవెల్‌కి 21 గంటలు, ఇరవై ఐదుకి తొమ్మిది రోజులు. ఎవరో మనలాంటి వాడే, ఏసీ రూములో కూర్చుని, ఆ 1.6ని ఎంచుకున్నాడు. దాన్ని 1.4 చేసినా గేము నడుస్తుంది. కానీ ఎవరూ రత్నాలు కొనరు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లోనూ వెయిటింగ్ ఉంది. ఒక మనిషి పుట్టడానికి 25 సెకన్లు. కోటని ఒక్కడే కడితే 200 సెకన్లు, నలుగురు కడితే 100. ఆ వంద సెకన్లు మనం ఏం చేస్తామన్నదే ఆట. ఈ నలుగుర్నీ కలప మీంచి తీసి కోట మీద పెడితే అటు విల్లులు ఆగిపోతాయి, పెట్టకపోతే శత్రువు వచ్చేస్తాడు. అలా తల బద్దలుకొట్టుకునేవాళ్లం. ఇక్కడ తొమ్మిది రోజులు నువ్వేం చెయ్యాలి? ఫోన్ జేబులో పెట్టుకోవాలి. లేదా కొనాలి. అంటే ఇక్కడ ఆట ఫ్రీనే. ఆడకుండా ఆపే గోడని తనే కట్టి, ఆ గోడలో తలుపుకి టికెట్ పెట్టారు.

ఇది వీళ్లు కనిపెట్టిందేం కాదు. 1989లో విల్ రైట్ సిమ్‌సిటీ చేసినప్పుడు పెట్టె కొంటే ఊరు నీదే. 2009లో ఫేస్‌బుక్‌లో ఫామ్‌విల్ వచ్చింది, టైముకి రాకపోతే పంట వాడిపోయేది. మా నాన్నకి చూపించి ఉంటే నవ్వేవాడు. 2012లో హెల్సింకీ వాళ్లు క్లాష్ ఆఫ్ క్లాన్స్ తెచ్చాక ఇదొక పద్ధతైపోయింది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం ఆపేసిన 59 యాప్‌లలో ఈ జాతిదే క్లాష్ ఆఫ్ కింగ్స్ అనేది ఒకటుంది. టిక్‌టాక్ గోలలో దాని గురించి ఎవరూ ఏడవలేదు. దాని బదులు ఇంకో ఇరవై వచ్చాయి.

పల్నాడు వాడికి ఈ గేములో ఇంకో సరదా ఉంది. రెండు ఊళ్లు, పొత్తులు, పందేలు, రాయబారాలు, ఇవన్నీ మాకు కొత్తేంటి? గురజాల, మాచర్ల కథ వింటూ పెరిగాం. కోడిపందెం ఓడిపోయి బ్రహ్మనాయుడి వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోయారు. ఏడేళ్ల టైమరు! రత్నాలు పెట్టి స్కిప్ చేసే వీల్లేదు. ఈ జోకు మా అలయన్స్ గ్రూపులో వేశా. అందులో ఒక ఇండోనేషియా అన్న లీడర్, ఇద్దరు తమిళ్ళు, ఒక బీహార్ కుర్రాడు, మిగతా ఎవరో. ఎవరికీ అర్థం కాలేదు. లీడర్ "గుడ్, అటాక్ ఎట్ టూ థర్టీ" అన్నాడు.

ఆ రెండున్నర దగ్గరే మొదలైంది అసలు సంగతి.

అలయన్స్ యుద్ధాలు అర్ధరాత్రి ఉండేవి. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కూడా రెండింబావుకి అలారం పెట్టుకుని లేచేవాణ్ని. కట్టే ఇంటి పక్కనే మా రేకుల ఇల్లు. ముందు వరండాలో లైటేసుకుని, ఒళ్లో మెకానిక్స్ పుస్తకం పెట్టుకుని, దాని మీద ఫోన్. ఒకరోజు నాన్న మంచినీళ్లకి లేచాడు. తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఇంకా చదువుతుండావా?"

"ఊఁ."

"పొద్దుపోయింది. పడుకో నాన్నా. తల నొప్పెడద్ది."

అంతే. ఇంకేం అనలేదు. మర్నాడు పొద్దున మా బాబాయ్‌తో టీ తాగుతూ "మావోడు రెండున్నర దాకా చదువుతాడబ్బా" అనడం నేను గోడవతల నుంచి విన్నా. ఆ గొంతులో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వెళ్లి కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ రాత్రి కూడా లేచా.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తా. మొదటిసారి 89 రూపాయలు. "ఒక్కసారి ఆఫర్" అని గంట సేపు టైమర్ పెట్టి చూపించాడు. అది ఒక్కసారిది కాదు, ప్రతి వారం వచ్చింది. రూపాయల్లో ధర ఉండదు, రత్నాల్లో ఉంటుంది. కావాల్సింది 460 ఉంటే ప్యాక్ 400ది ఉంటుంది, మిగతాదానికి ఇంకోటి కొనాలి. యూపీఐ పిన్ కొట్టడానికి ఎంతసేపు? తర్వాత ఒకరోజు కూర్చుని హిస్టరీ తీశా. ఎనభై తొమ్మిదివి ఆరు, నూట డెబ్బై తొమ్మిదివి రెండు, నాలుగు వందల నలభై తొమ్మిది ఒకటి. మొత్తం 1,341. రమ్మీలో లక్షలు పోగొట్టుకున్నవాళ్ల ముందు ఇదొక లెక్క కాదని మీరనొచ్చు, నేనూ అదే అనుకున్నా. అప్పట్లో మాకు బస్తా సిమెంటు 340 పడుతోంది. నాలుగు బస్తాలకి కొంచెం తక్కువ.

బస్తాల్లో ఎందుకు లెక్కేశానంటే మా ఇంట్లో ఆ రెండేళ్లూ అన్నీ బస్తాల్లోనే లెక్క. సిమెంటు బస్తాలు, మిర్చి బస్తాలు.

2023లో మా కాయలు క్వింటా ఇరవై వేల పైన అమ్ముడుపోయాయి. అంతకుముందు సంవత్సరం తామర పురుగు పడి పూత మొత్తం పోయింది కాబట్టి ఆ డబ్బు చూసి నాన్నకి ధైర్యం వచ్చింది. పునాది తీయించాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, భూమి తవ్వితే సున్నపురాయి, రోడ్డంతా సిమెంటు లారీలు, అలాంటి చోట ఉండి రేకుల కింద ఎన్నాళ్లని అమ్మ అనేది. గోడలు లింటెల్ దాకా వచ్చేసరికి రేటు పడటం మొదలైంది. 2025 ఫిబ్రవరికి ఎంత పడిందంటే, కేంద్రమే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. నాన్న సరుకు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. రేటు వచ్చిద్దని ఎదురుచూపు. అక్కడా టైమరే, కాకపోతే ఎంత మిగిలిందో చూపించదు. బస్తాకి అద్దె మాత్రం పెరుగుతుంది.

చివరికి ఆగలేక అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. మే మొదటి వారంలో స్లాబ్.

నేను పరీక్షల ముందు ప్రిపరేషన్ సెలవుల్లో ఇంటి దగ్గరే ఉన్నా. స్లాబ్ వేసే రోజు ఎంత హడావుడి ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. తెల్లవారుజామున మిల్లర్ వచ్చింది, కంకర, ఇసుక, తట్టలందుకునే జనం, మధ్యలో అమ్మ పులిహోర. నేను సివిల్ కాబట్టి అందరూ నన్ను అడగడం. "ఏం ఇంజినీరూ, నీళ్లెక్కువైనయ్యా?" అని మేస్త్రి బాబాయ్. వాటర్ సిమెంట్ రేషియో గురించి ఏదో చెప్పా. అతను బుర్రూపి, చేత్తో ముద్ద తీసి పిసికి చూసుకుని తన లెక్క ప్రకారమే పోయించాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. మర్నాడు పైన సిమెంటుతో సన్నటి గట్లు పెట్టి, మడులు కట్టి, నీళ్లు నిలిపాం.

మూడో రోజు నాన్న మిగిలిన సరుకు అమ్మడానికి గుంటూరు పోయాడు. సెంట్రింగ్ వాళ్లకీ మేస్త్రికీ ఇవ్వాలి కదా. పోతూ పోతూ ఒకటే మాట చెప్పాడు. "నీళ్లు ఆరనియ్యమాక. కరెంటు ఉన్నప్పుడే మోటరెయ్యి."

మే నెల పల్నాడు ఎండ గురించి తెలియనివాళ్లు రెంటచింతల పేరు వార్తల్లో వినే ఉంటారు. అది మాకు పక్కనే. పొద్దున ఏడింటికి ఒకసారి మడులు నింపా. తొమ్మిదింటికి అలయన్స్‌లో పెద్ద యుద్ధం, సీజన్ చివరిది. నా నాగులేరు మీద ముగ్గురు ఒకేసారి పడ్డారు. గోడ పోతోంది, దళాలు తిరిగొస్తున్నాయి, గ్రూపులో మెసేజీలు. నిజం చెప్తున్నా, ఆ ఆరు గంటలు ఎలా పోయాయో తెలియదు. అన్నం అమ్మ మంచం దగ్గరికే తెచ్చిచ్చింది, పరీక్షలు కదా అని. మూడున్నరకి ఫోన్ ఛార్జింగ్ అయిపోతే తలెత్తా.

నిచ్చెనెక్కి చూస్తే స్లాబు తెల్లగా ఉంది. మూలన గట్టు ఒకటి తెగింది, నీళ్లన్నీ ఎప్పుడో కారిపోయాయి. మిగతా మడులు ఎండకి ఇగిరిపోయాయి. కాలు పెడితే మండింది. వంగి చూశా. సాలెగూడు పరిచినట్టు సన్నటి గీతలు. వెంట్రుకంత మందం.

దానికి పేరు నాకు తెలుసు. క్రేజింగ్. రెండు నెలల కింద మిడ్ పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. సిమెంటులో ట్రైకాల్షియం సిలికేట్ నీళ్లతో కలిసి మొదట్లో బలాన్నిస్తుంది, డైకాల్షియం సిలికేట్ నెమ్మదిగా తర్వాత ఇస్తుంది. నీళ్లు లేకపోతే ఆ రెండూ అక్కడే ఆగిపోతాయి. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, వేడీ పొడీ వాతావరణంలో కనీసం పది రోజులు తడి ఆరకూడదు. పూర్తి లెక్క చూసేది 28 రోజులకి. ఇదంతా రాశా, పదికి తొమ్మిదొచ్చాయి. ఆ 28ని ఎవరో ఏసీ రూములో కూర్చుని ఎంచుకున్న అంకె అనడానికి లేదు. నువ్వు రత్నాలు పెట్టినా, గాజులు పెట్టినా లోపల జరిగేది దాని వేగానే జరుగుతుంది. ఆ వేగానికి నువ్వు చెయ్యగలిగింది నీళ్లు ఆరకుండా చూడ్డం ఒక్కటే. నేను చెయ్యనిది అదే.

కరెంటు లేదు. బావి బజారు నుంచి బిందెలతో మోశా. చెల్లి కూడా మోసింది, ఏమైందని అడగలేదు. గోనె పట్టాలు తడిపి పరిచాం. ఐదింటికి మేస్త్రి బాబాయ్ సైకిల్ మీద పోతూ పైకి చూసి ఆగాడు. నిచ్చెనెక్కాడు. పట్టా ఎత్తి, గోరుతో గీత మీద రాసి చూశాడు.

"పైపొరేలే. లోపలికి దిగలేదు. రేపు సిమెంటు పాలు పోయిస్తా." కాసేపాగి, "మీ నాన్నకి చెప్పమాక. అసలే రేటు రాలేదని ఫోన్ చేశాడు" అన్నాడు.

అతనికి నా ఫోన్ సంగతి తెలియదు. పుస్తకం పట్టుకుని ఆదమరిచాననుకున్నాడు. వెళ్లేటప్పుడు భుజం తట్టాడు కూడా.

నాన్న రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దిగాడు. కాయలు పదివేల లోపే పోయాయి. చొక్కా అంతా మిరప ఘాటు, కాళ్లు కడుక్కుంటూ తుమ్ముతూనే ఉన్నాడు. అన్నం తిన్నాక టార్చిలైటు తీసుకుని నిచ్చెన వైపు నడిచాడు. నేనూ వెనకాల ఎక్కా. చీకట్లో పట్టాల మీద నీళ్లు మెరుస్తున్నాయి. ఆయన వంగి ఒక పట్టా ఎత్తబోతుంటే, మేస్త్రి బాబాయ్ మాట గుర్తుండగానే, మొత్తం చెప్పేశా. ఇవాళ్టిదే కాదు. రెండున్నర అలారాలు, మెకానిక్స్ పుస్తకం, 1,341.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. హైవే మీద పొందుగల వైపు లారీలు పోతున్న చప్పుడు వినపడుతోంది. తిడతాడని చూస్తున్నా. తిట్టి ఉంటే బాగుండేది.

"ఊరు కట్టడమంటివే. ఏదీ, చూపియ్యి" అన్నాడు.

ఫోన్ తీసి చూపించా. నాగులేరు తగలబడుతోంది, గోడల మీద మంటల బొమ్మ. నాన్న కళ్లజోడు లేకుండా దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఎన్నాళ్లకి పూర్తయిద్ది ఇది?"

"పూర్తవదు నాన్నా. దానికి చివర ఉండదు. పెంచుతూనే పోవాలి."

"మరి ఇంట్లోకి పొయ్యేది ఎప్పుడు?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆయన కూడా ఆగలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, తెగిన గట్టు దగ్గర కూర్చుని, తడి సిమెంటు ఉందేమో కింద బకెట్లో చూసి రమ్మన్నాడు. నేను దిగుతుంటే వీధి లైటు వెలిగింది.

"ముందు మోటరెయ్యి" అన్నాడు పైనుంచి. "మళ్లీ పోయిద్ది."